కొండదారికి సుంకమా?

ఫ్రాన్సు దేశమున ప్రతి సంవత్సరము జరుగు టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెమును మన పాఠకులలో పలువురు ఎఱుగుదురు. 21 మజిలీలు, మూడు వారములు, 3,000 కిలోమీటర్లకు పైబడిన దారి. అచ్చట సాయంకాలము ఆనాటి మజిలీ ముగియువేళకు మన యిండ్లలో రాత్రి భోజనములు సాగుచుండును. మేమును అనేక సంవత్సరములుగా ఈ పందెమును అనుసరించుచున్నాము. ఏ జట్టుపైనను మాకు పక్షపాతము లేదు. లోకములోని మహాక్రీడలలో చూడవచ్చినవానికి ద్వారము, ద్వారపాలకుడు, టిక్కెట్టు లేనిది ఇది యొక్కటియే యని చెప్పినను తప్పుకాదు. పందెము తన దారిన తాను పల్లెకు పోవును. పల్లెవాడు తన గడపలో నిలిచి చూచును.

ఇట్టి దారికి, అందును ప్రసిద్ధములైన కొండదారులకు, ప్రవేశరుసుము పెట్టవచ్చునను మాట ఈ నడుమ సైకిలు పందెముల లోకములోనే వినవచ్చుచున్నది. జట్లకు రాబడి చాలదట. కావున కొండయెక్కుడులోని చివరి కొన్ని కిలోమీటర్లకు కంచె వేసి, సొమ్ము చెల్లించినవారిని లోనికి విడువవచ్చునట. ఈ యాలోచన న్యాయమునకును, ఆ పందెము యొక్క మేలునకును గూడ విరుద్ధమని మా దృఢమైన యభిప్రాయము. మా కారణములను పాఠకుల ముందుంచుచున్నాము.

ముందుగా, సుంకము కోరువారి కన్ను మైదానములపై గాక కొండలపైననే ఏల పడినదో తెలిసికొనవలెను. మైదానమున పందెగాండ్రు గుంపుగా సాగుదురు. ముందువాని వెనుక ఒదిగి పోవువానికి గాలి యొత్తిడి తగ్గి, దాదాపు మూడవవంతు శ్రమ మిగులును. కావున నూటయెనుబది మంది యొక్క మేఘమువలె కదలిపోవుదురు. దారిప్రక్కన గంటలకొలది కాచియున్నవాడు రంగుల మెఱుపు నొకదానిని చూచి యింటికి మరలవలసినదే. కొండపై నట్లుగాదు. అచ్చట వేగము తగ్గును. గాలిచాటు వలన గలుగు సాయము స్వల్పమగును. ప్రతివాడును తన దేహభారమును తానే మోయవలెను. గుంపు దారమువలె సాగి, తెగి, ఒక్కొక్క మనిషిగా విడిపోవును. 21 మలుపులు గల ఆల్ప్ దువేజ్ దారి 14 కిలోమీటర్లలోపుననే 1,000 మీటర్లకు పైగా ఎత్తునకు పోవును. మేటి పందెగాడు దానిని 40 నిమిషములకు అటునిటుగా ఎక్కును. వెనుకబడినవారు ఆ పిమ్మట చాలసేపటివఱకు వచ్చుచునే యుందురు. మలుపున నిలిచినవాడు వారి ముఖములు చూడగలడు, ఊపిరి వినగలడు. 1952లో ఇటలీ వీరుడు ఫౌస్తో కొప్పి ఆ కొండపై తొలిసారి గెలిచిననాటి నుండి జనులు అచ్చటికి తండోపతండములుగా పోవుచున్నారు. మోటారుబండ్లకు దారి ముందుగానే మూసివేయుదురు గనుక కొన్నిదినముల ముందే వచ్చి కొండపైననే వండుకొని, అచ్చటనే నిద్రించువారు వేలకొలది. సుంకము కోరువారు అమ్మదలచినది ఈ సామీప్యమును.

ఈ పందెము పుట్టుకలో వ్యాపారము లేదని మేమనము. అది పుట్టినదే ఒక పత్రికాకార్యాలయమున. లొతో యను క్రీడాపత్రిక తన పోటీపత్రికయైన ల వేలోకు లొంగి, చందాదారులులేక క్షీణించుచుండగా, జియో లెఫెవ్ర్ అను యువవిలేకరి దేశమంతయు చుట్టివచ్చు పందెము నొకదానిని పెట్టుదమనెను. సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్ సందేహించియు సమ్మతించెను. 1903 జూలై 1వ తేదీన పందెము బయలుదేరినది. 60 మంది బయలుదేరగా 21 మంది తుదముట్టిరి. మారిస్ గారిన్ గెలిచెను. లొతో విక్రయములు విపరీతముగా పెరిగినవి. మఱుసటి సంవత్సరమున ల వేలో మూతపడినది. లొతో పసుపుపచ్చని కాగితముపై అచ్చగుచుండెడిది. 1919లో ముందున్న పందెగానికి పసుపుపచ్చ అంగీ తొడిగించుటకు ఆ రంగే కారణమని చెప్పుదురు. పత్రికను నడపువారి బాధ మాకు తెలియును గనుక దెగ్రాంజ్ లాభాపేక్షను మేము దూషింపము. కాని యొక్కటి గమనింపవలెను. ఆయన పత్రికను అమ్మెను, దారిని అమ్మలేదు.

1910లో పందెమును పిరనీస్ పర్వతములపైకి మళ్ళించిరి. అందుకు ముందు ఆ దారులను పరిశీలించుటకు పోయిన స్తెనెస్ అను విలేకరి 2,115 మీటర్ల యెత్తున నున్న తుర్మలే కనుమవద్ద మంచులో చిక్కి, రాత్రివేళ ప్రాణములు దక్కించుకొని వచ్చియు, దారి చక్కగా పోదగియున్నదని దెగ్రాంజ్‌కు తంతి పంపెను! ఆ మజిలీ 326 కిలోమీటర్లు. ఓబిస్క్ కనుమవద్ద ఒక్తావ్ లాపీజ్ పందెపు నిర్వాహకులను హంతకులని నిందించెనని ప్రసిద్ధి. ఆ లాపీజే ఆ సంవత్సరపు విజేత. 1913లో యూజీన్ క్రిస్తోఫ్ తుర్మలే దిగుచుండగా సైకిలు ఫోర్కు విరిగినది. ఇతరుల సాయము తీసికొనరాదని నిబంధన. ఆయన సైకిలును భుజమున వేసికొని పది కిలోమీటర్లకు పైగా నడచి, సాంత్ మరీ ద కాంపాన్ అను గ్రామమున కమ్మరికొలిమి చేరి, తన చేతులతో తానే ఇనుము కాచి అతికికొనెను. కొలిమితిత్తి నొక బాలుడు ఊదినందుకు నిర్వాహకులు ఆయన కాలమునకు అదనపు నిమిషములు కలిపి శిక్షించిరి. ఈ కథను నేటికిని ఫ్రాన్సులో ముచ్చటగా చెప్పుకొనుటకు కారణమేమి? ఆ కొలిమి ఊరివారిది, ఆ దారి ఊరివారిది. ఊరివారికి ఆ కథలో పాత్ర యున్నది. కంచె వెలుపల నిలిపివేయబడిన గ్రామమునకు ఇట్టి కథ మిగులదు.

మఱియొక సంగతి. 1944లో ఫ్రాన్సు విముక్తి పొందినపుడు, జర్మనుల యాక్రమణకాలమున వెలువడిన పత్రికలతోపాటు లొతో కూడ మూతపడినది. 1946లో లెకిప్ అను క్రొత్తపత్రిక వచ్చినది. 1947లో పందెము మరల సాగినది. పత్రిక పోయినను పందెము నిలిచినది. ఏలయన, అప్పటికే అది పత్రిక యాస్తి గాక ప్రజల యాచారమైనది.

ఇక న్యాయవిచారము. ఈ పందెము పోవు దారి యెవరిది? అవి ప్రజల పన్నులతో వేసి, ప్రజల పన్నులతో మరమ్మతు చేయు రస్తాలు. పందెమునకు ముందు గుంటలు పూడ్చువారు స్థానిక ప్రభుత్వములవారు. తమ యూర మజిలీ మొదలగుటకో ముగియుటకో పురపాలక సంఘములు పందెము నిర్వహించు సంస్థకు సొమ్ము చెల్లించును. ఆ సొమ్ము ఊరివారిదే గదా! పన్నుగా ఒకసారి ఇచ్చినవానిని టిక్కెట్టుగా మఱల ఇమ్మనుట ఒకే సరకునకు రెండు వెలలు గొనుట. పొలములో కంచె వేసి, బురదలో సైకిళ్ళు నడపించు పందెములకు బెల్జియమున ప్రవేశరుసుము గొనుట కలదు. దానిని మేము తప్పుపట్టము. ఆ స్థలమును పందెమునకై ప్రత్యేకముగా సిద్ధపఱతురు. రాజమార్గమునకు ఆ న్యాయము పట్టదు.

ఫ్రాన్సు ప్రభుత్వము ఈ తత్త్వమును ఒక విషయమున గుర్తించియే యున్నది. 2004లో వెలువడిన యొక శాసనము దేశప్రజలకు ముఖ్యములైన క్రీడోత్సవముల పట్టికను ప్రకటించినది. పట్టికలోని వానిని చందా కట్టినవారికి మాత్రమే చూపు టెలివిజను సంస్థలు గుత్తగొనరాదు. అందు టూర్ ద ఫ్రాన్స్ కలదు. ఇంగ్లండులో నట్టి రక్షణ ఈ పందెమునకు లేదు. 1980ల నుండి అచ్చటి జనులు రుసుము లేకుండ చూచుచు వచ్చిన ఈ పందెము ప్రత్యక్షప్రసారమును 2026 నుండి చందా సంస్థ యొక్కటియే పొందునట్లు 2024లో ఒడంబడిక ప్రకటింపబడినది. తెఱపైన చూచుటకే ప్రజలకు హక్కున్నదని శాసించిన దేశము, కన్నులార చూచుటకు రుసుము విధింప సమ్మతించుట యెట్లు పొసగును?

ప్రతిపక్షపు వాదములను గూడ న్యాయముగా పరిశీలింతము. మొదటిది భద్రత. జనసమ్మర్దము వలన పందెగాండ్రకు అపాయము కలుగుచున్నది. కంచెయు టిక్కెట్టును ఉన్నచో జనము అదుపులో నుండునందురు. అపాయము నిజమే. 1904లోనే ఒక యూరి పందెగాని పక్షమువారు రాత్రివేళ దారికి అడ్డపడి ఇతరులను కొట్టిరి. 1999లో ఆల్ప్ దువేజ్‌పై ఫోటో తీయబోయినవాడొకడు ముందున్న జుసెప్పె గెరీనిని పడద్రోసెను. ఆయన లేచి గెలుచుట దైవికము. 2016లో వాంతూ పర్వతముపై గాలి తీవ్రముగా నుండుటచే ముగింపును క్రిందికి జరుపగా జనము ఇఱుకైన దారిలో క్రిక్కిఱిసి, మోటారుసైకిలు నిలిచిపోయి, పసుపుపచ్చ అంగీ ధరించిన క్రిస్ ఫ్రూమ్ సైకిలు విరిగి కాలినడకన పరుగెత్తవలసి వచ్చెను. 2021లో ఒక ప్రేక్షకురాలు అట్టముక్కను దారిలోనికి చాచినందున గుంపంతయు కూలినది. న్యాయస్థానము ఆమెకు జరిమానా విధించెను.

అయినను, ఈ యపాయములను మాన్పునది కంచెయా, టిక్కెట్టా? కంచె వేయుటకు మేము అడ్డుచెప్పము. ఇప్పటికిని చివరి కిలోమీటర్లలో కంచెలున్నవి, అవసరమైనచో పెంపవచ్చును. ఇఱుకుదారిలో ఇంతమందియే నిలువవలెనని సంఖ్యను నిర్ణయించి, ముందు వచ్చినవారిని ముందుగా విడువవచ్చును. తప్పుచేసినవానికి శిక్ష విధించుటకు న్యాయస్థానములున్నవి. రుసుము చెల్లించినవాడు చెల్లింపనివానికంటె వివేకవంతుడని ఎవరు నిరూపించిరి? సొమ్మిచ్చితిని గావున నా యిచ్చ వచ్చినట్లుందునను అహంకారము పెరుగుటయే లోకములో మేము చూచినది. భద్రతకు కంచె చాలును. దానిచాటున సుంకమును తెచ్చుట యెందుకు?

రెండవ వాదము ధనము. ఇది యంత తేలికైనది గాదు. సైకిలు జట్లకు సొంత మైదానములు లేవు, ద్వారపు రాబడి లేదు. ఏదో యొక వ్యాపారసంస్థ తన పేరును అంగీలపై వ్రాయించి సొమ్మిచ్చినంతకాలము జట్టు బ్రతుకును. ఆ సంస్థ విరమించుకొన్ననాడు పందెగాండ్రు, మరమ్మతుగాండ్రు, వంటవారు అందఱును దిక్కులేనివారగుదురు. ఈ కష్టమును మేము తక్కువచేయము. కాని దీనికి మూలమెక్కడ నున్నది? టెలివిజను ప్రసారములవలన వచ్చు రాబడి పందెము నిర్వహించు సంస్థ చేతిలో నున్నది. అందులో న్యాయమైన భాగము తమకు రావలెనని జట్లు ఎంతోకాలముగా కోరుచున్నవి. ఇంటిపెద్దలు వాటాలు తేల్చుకొనలేక వీధిలో పోవువానిని పిలిచి అప్పు తీర్చుమన్నట్లున్నది ఈ సుంకపు ఆలోచన.

దెగ్రాంజ్ చేసిన పని నొకదానిని ఈ సందర్భమున జ్ఞాపకము చేయుట మంచిది. 1930లో ఆయన సైకిలు కర్మాగారముల జట్లను తొలగించి దేశములవారి జట్లను పెట్టెను. పందెగాండ్ర వ్యయమంతయు పత్రికపై పడినది. అప్పుడాయన ప్రేక్షకుని జేబు తడుమలేదు. పందెమునకు ముందుగా ప్రకటనబండ్ల ఊరేగింపును ఏర్పఱచి వ్యాపారులవద్ద రుసుము గొనెను. నేటికిని ఆ బండ్లు టోపీలును, మిఠాయిలును విసరుచు ముందు పోవుచున్నవి. పిల్లలు వానికై పరుగెత్తుచున్నారు. జనము పోగగుటవలననే ప్రకటనకు విలువ. ప్రకటనవలననే పందెమునకు ధనము. ఉచితముగా నిలుచు ఈ జనసమూహమే పందెపు మూలధనము. టెలివిజనులో మనకు కానవచ్చు శోభలో సగము ఆ కొండకొమ్ముల జనమే. తెఱను నింపుచున్నవారినే డబ్బిమ్మనుట నాటకమాడినవారివద్ద టిక్కెట్టు గొనుట వంటిది.

ఇంకొక మాటయు చెప్పక తప్పదు. ఈ పందెము తన ప్రేక్షకులకు ఋణపడియున్నది. 1998లో ఫెస్టినా జట్టు ఔషధముల యపవాదము బయటపడినది. పిమ్మట 1999 మొదలు 2005 వఱకు వరుసగా ఏడు సంవత్సరములు గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ నిషిద్ధౌషధములు వాడెనని తేలి, 2012లో ఆ విజయములన్నియు కొట్టివేయబడెను. ఆ యేడేండ్లకు విజేతయే లేడు. ఏడు వేసవులు ఎండలో, వానలో నిలిచి కేకలువేసిన సామాన్యుడు మోసపోయెను. అయినను వాడు మరల కొండకు వచ్చెను. బాకీపడినవాడు అప్పిచ్చినవానివద్ద సుంకము వసూలుచేయుట ధర్మమా?

సుంకము వచ్చినచో పందెపు స్వరూపమే మాఱునను భయమును మేము ఊరక చెప్పుటలేదు. బెల్జియములోని ఫ్లాండర్సు పందెమునకు 2012లో ముగింపు మార్చి, చిరకాల ప్రసిద్ధమైన గెరార్డ్స్‌బెర్గెన్ గుట్టను కొన్నియేండ్లు విడిచివేసిరి. దానికి బదులు ఔదె క్వారెమాంట్ వంటి గుట్టలను మరలమరల త్రొక్కించు చుట్లు ఏర్పడినవి. ఒకే గుట్టను పందెగాండ్రు పలుమాఱులు ఎక్కుదురు గనుక దాని ప్రక్కన ధనికులకు గుడారములు వేసి, భోజనములతో సహా స్థలము లమ్ముట సులభమైనది. పందెమట్లే యున్నది, జనమును ఉన్నారు. కాని గుడారమునకు అనుకూలముగా దారి వంగినది. నేడు దారికి సుంకము పెట్టుదురు. రేపు సుంకము వచ్చుచోటికే దారిని మళ్ళింతురు.

దారిప్రక్కన నిలుచుటకును, దారిపై పోటీపడుటకును సంబంధమున్నదని ఎరిత్రియా చరిత్ర చెప్పుచున్నది. ఇటాలియనుల పాలనలో అచ్చటికి సైకిలు వచ్చినది, పందెములును వచ్చినవి. అవి తొలుత పాలకజాతి వారికే. 1939లో ఎరిత్రియనులను గూడ చేర్చుకొని పెట్టిన పందెమున గెబ్రెమరియం గెబ్రు అను ఎరిత్రియనుడే గెలిచెను. పాలకులు తమ యాధిక్యమును చాటదలచిరి, ఫలితము తలక్రిందులైనది. ఎత్తైన పీఠభూమిపైనున్న అస్మారా వీధులలో నాటినుండి సైకిలు పందెము ప్రజల పండుగయైనది. ఆ దేశపు బినియం గిర్మాయ్ 2024 టూర్ ద ఫ్రాన్స్‌లో మూడు మజిలీలు గెలిచి, ఆకుపచ్చ అంగీని గొనిపోయెను. జాతిభేదపు కంచె వేఱు, నాణెపు కంచె వేఱు; రెండును సమానమని మేమనము. అయినను బీదబాలుడు వీరుని దగ్గఱగా చూచుటవలన తానును వీరుడు గాగోరుట సహజము. ఆ చూపునకు వెల కట్టినచో ముందుతరపు వీరులలో ఎందఱు పుట్టకమునుపే మరుగున పడుదురో ఎవరు చెప్పగలరు?

కొండపై చూడదగినవాడు విజేత యొక్కడే కాడు. ప్రతి జట్టులోను ఎనమండుగురు. వారిలో ఒక్కనికొఱకు తక్కినవారు నీళ్ళు మోయుదురు, గాలికి ఎదురు నిలుతురు, తమ చక్రము నూడదీసి ఇత్తురు. విజేతకు పట్టిన కాలముపై ఇంతవంతని లెక్కగట్టి గడువు విధింతురు. ఆ లోపున రానివాడు పందెమునుండి తొలగవలెను. అందుచే వెనుకబడినవారందఱు గుంపుగూడి, ఒకరి కొకరు ఊతమై, గడువును చూచుకొనుచు కొండ నెక్కుదురు. వారి వెనుక చీపురుబండి, అనగా ఓడినవారిని ఎక్కించుకొను బండి, వచ్చుచుండును. ప్రథముడు పోయిన అరగంటకు వచ్చు ఈ కడపటివారికి గూడ కొండపై జనులు చప్పట్లు కొట్టుదురు. 2024లో స్త్రీల పందెపు తుదిమజిలీ ఆల్ప్ దువేజ్‌పైననే ముగిసినది. డెమి ఫోలెరింగ్ ఆ మజిలీ గెలిచినను, కాసియా నీవియాడోమా నాలుగు సెకనుల తేడాతో పందెమంతటిని గెలిచెను. ఆ నాలుగు సెకనులు నిలుచునో నిలువవో యని అచ్చట లెక్కించుచు నిలిచినవారిని నీ స్థోమత యెంతయని ఎవరును అడుగలేదు.

మన పాఠకులకు ఈ సంగతి క్రొత్తదిగాదు. మూలవిరాట్టు గర్భగుడిలో నుండును. గుడికి రాలేని వృద్ధులకొఱకు, రోగులకొఱకు, పనిపాటలవారికొఱకు ఉత్సవమూర్తి వీధులలోనికి వచ్చును. రథము తమ వాకిటికి వచ్చినపుడు చూచుటకు రుసుమిమ్మని ఏ ధర్మకర్తయు అడుగడు. రథమునకు ఖర్చు లేదా? కలదు. ఆ ఖర్చును ఊరిలో కలిగినవారు పంచుకొందురు. ఫ్రాన్సువారి పందెము దైవకార్యము గాకపోవచ్చును. వీధిలోనికి వచ్చిన యుత్సవమునకు వర్తించు మర్యాద మాత్రము దానికిని వర్తించును.

కావున మేము కోరునది స్పష్టము. కొండలపై భద్రతకొఱకు కంచెలు వేయుడు, సంఖ్యను నిర్ణయింపుడు, ప్రసారపు రాబడిని నిర్వాహకులును జట్లును కూర్చుండి న్యాయముగా పంచుకొనుడు, వ్యాపారులవద్ద హెచ్చుగా గొనుడు. 2004 శాసనము తెఱకు ఇచ్చిన రక్షణను దారికిని ఇచ్చుట ఫ్రాన్సు ప్రభుత్వము విధి. తెల్లవారకమునుపే రొట్టెమూట చేతబట్టుకొని, పిల్లవానిని భుజమునెక్కించుకొని, తుర్మలే దారి నెక్కివచ్చు రైతును ఆపి, చీటి యేదని యడుగు దినము మాత్రము రాకుండుగాక.